ట్యాంకు మీది గ్రహశకలం

ఇంద్రేశంలో పొద్దున ఆరు దాటిందంటే ఎవరికీ నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. ఫ్యాక్టరీ బస్సులు సందు మొదట్లో ఆగి హారన్ కొడతాయి. చెత్తబండి స్పీకర్లో పాట పెట్టుకుని వస్తుంది. నల్లా నీళ్ళు వదిలేదీ ఆ వేళకే కాబట్టి ఆడవాళ్ళు ఒక చేత్తో పైపు, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, ఖాళీగా ఉన్న నోటితో పిల్లల్ని తిడుతుంటారు. ఒకప్పుడు ఇదంతా జొన్నచేను. ఇప్పుడు ప్లాట్లు, ప్లాట్లలో ఇళ్ళు, ఇళ్ళ మీద ఇళ్ళు. పాత ఊరివాళ్ళెవరో కొత్తగా వచ్చినవాళ్ళెవరో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. కిరాయి పుచ్చుకునేవాళ్ళు ఊరివాళ్ళు, ఇచ్చేవాళ్ళు వచ్చినవాళ్ళు.

సత్తెమ్మ పుచ్చుకునే రకం. చేను లేఅవుట్ల కింద పోగా మిగిలిన జాగాలో ఇల్లు కట్టుకుంది. కింద తను, కొడుకు మల్లేష్, కోడలు మహిత ఉంటారు. మిద్దె మీద ఒక గది వేసి, పటాన్‌చెరులో పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మురళీమోహన్ సారుకు కిరాయికి ఇచ్చింది. పక్కిల్లు బేగంబీది. ఆమె మిషన్ మీద బట్టలు కుడుతుంది, ఆమె మొగుడు ఫజలుద్దీన్ డీసీఎం వ్యాను నడుపుతాడు. రెండు మిద్దెల మధ్య నడుమెత్తు పిట్టగోడ తప్ప అడ్డమేమీ లేదు. దాని మీదుగా కూరగిన్నెలు, కబుర్లు, అప్పుడప్పుడు అలకలు అటూ ఇటూ పోయి వస్తుంటాయి.

మల్లేష్ ముత్తంగి గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మహిత మందుల ఫ్యాక్టరీలో గోలీలు చూసే పని చేస్తుంది. చూడడమంటే నిజంగా చూడడమే. ట్యూబులైట్ల కింద తెల్లటి గోలీలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. అంచు విరిగినదాన్నీ, మీద నల్లచుక్క ఉన్నదాన్నీ ఏరి పక్కన పడేయాలి. మొదట్లో రాత్రి కళ్ళు మూసుకున్నా గోలీలే కనిపించేవి. తర్వాత అలవాటైంది.

ఆమెకు మొదటిది కడుపులోనే పోయింది. రెండోది తనుశ్రీ. పదో నెలలో ఆ పిల్లకు జ్వరం వచ్చి ఒక్క రోజులో పోయింది. సంగారెడ్డిలో ఒక డాక్టరు ఒక జబ్బు పేరు చెప్పాడు, పటాన్‌చెరులో ఇంకో డాక్టరు ఇంకో పేరు చెప్పాడు. సత్తెమ్మ గుండెలు బాదుకుంది, మల్లేష్ గోడకు తల ఆనించి ఏడ్చాడు. మహిత మాత్రం ఏడవలేదు. పది దినాలు దాటగానే డ్యూటీకి పోయింది. కళ్ళు మసకబారితే గోలీ మీది చుక్క కనిపించదని అనుకుందో ఏమో, ఎవరూ అడగలేదు.

మూడోసారి కడుపుతో ఉండగా, కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె ఎక్కింది. సారు గది బయట నులక మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. తెర నిండా తెల్లటి తెలుపు, మధ్యమధ్య నల్లచుక్కలు.

"ఏంది సార్, గోలీలా?" అంది మహిత.

"గోలీలు గాదమ్మా, నక్షత్రాలు. తెలుపు నలుపు తిరగేసి పెడ్తరు, చూసెటందుకు అలకగ ఉంటదని."

ఎక్కడో సముద్రం మధ్య దీవిలో, కొండ మీద పెద్ద దూరదర్శిని ఉందట. అది ఆకాశంలో ఒక్క చోటునే కాసేపటికొకటి చొప్పున నాలుగు ఫోటోలు తీస్తుందట. వాటిని దేశదేశాల బడులకు పంపుతారట. నక్షత్రాలు నాలుగింటిలోనూ ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క జరిగిందంటే అది నక్షత్రం కాదు, సూర్యుడి చుట్టూ తిరిగే రాయి. సారు తన క్లాసు పిల్లలతో వెతికించాలని పేర్లు నమోదు చేయించాడు గాని, పరీక్షలు దగ్గరపడేసరికి తల్లిదండ్రులు ఒక్కొక్కరూ పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. చివరికి సారు ఒక్కడే మిగిలాడు.

ఆయన నాలుగు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి తిప్పి చూపించాడు. మహిత బట్టలు భుజాన వేసుకుని నిలబడే చూసింది.

"గీ మూలకున్నది జరుగుతున్నది సార్."

"ఏదమ్మా? నేనింకా ఆ మూలకు రాలే."

"గిదే. పక్క చుక్క పొంటి పొంటి పోతున్నది."

సారు కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఆయన అన్నం సంగతి మరిచిపోయి కొలతలు తీసి, లెక్కలు కట్టి, కనిపెట్టినవారి పేరు దగ్గర మహిత పేరు రాసి పంపించాడు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. ఇంతకుముందు ఎవరూ చూడనిదే. కుజుడికీ గురుడికీ మధ్య లక్షల కొద్దీ రాళ్ళు బారులు కట్టి తిరిగే చోట ఇదీ ఒకటి. దానికి ప్రస్తుతానికి సంవత్సరం, రెండు అక్షరాలు, పక్కన కొన్ని అంకెలతో ఒక గుర్తు ఇచ్చారు.

"టీఆర్ నంబర్ అన్నట్టు," అన్నాడు మల్లేష్. కొత్త బండికి అసలు నంబరు వచ్చేదాకా తగిలించుకునే తాత్కాలిక నంబరు అది. సారుకు కూడా అంతకన్నా మంచి మాట దొరకలేదు.

జవాబు వచ్చిన రోజు పొద్దున సత్తెమ్మ ట్యాంకు నిండిందో లేదో చూడడానికి మిద్దె ఎక్కితే, ట్యాంకు మీద ఒక నల్లరాయి నిలబడి ఉంది. దేనికీ ఆనుకోలేదు. మెల్లగా తిరుగుతోంది.

"పిల్లా, నీ రాయి వచ్చింది," అని కిందికి కేకేసింది.

మహిత డ్యూటీకి టైమవుతోందని సాయంత్రం వచ్చి చూసింది. పక్కింటి మిద్దె నుంచి బేగంబీ అడిగింది, "నీళ్ళు గిట్ల కారుతదానే?" కారదని చెప్పగానే ఆమెకు ఇంక అభ్యంతరం లేకపోయింది. కరెంటాయన వచ్చి తీగకు దూరంగానే ఉందని చూసుకుని పోయాడు. ఆకాశంలో అంత దూరాన ఉన్నది ఇక్కడ ట్యాంకు మీద ఎలా ఉంటుందని అడిగే తీరిక ఎవరికీ లేదు. రేషన్ కార్డు ఒక ఊళ్ళో, కాపురం ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళు ఆ సందులోనే సగం మంది.

పైన ఉన్నది రెండు మైళ్ళ పొడవుంటుందని సారు లెక్క. ట్యాంకు మీదిది బర్రెదూడంత ఉండేది. నిండుగా, గుండ్రంగా ఉంటుందనుకున్నవాళ్ళు చూసి కొంచెం నిరాశపడ్డారు. గెనుసుగడ్డలాగా పొడుగ్గా, ఒక పక్క ఉబ్బి, ఒక పక్క సన్నగా ఉంది. ఒక కొసన గుంట ఉంది. ఎప్పుడో ఇంకో రాయి వచ్చి కొట్టిన దెబ్బ అది అన్నాడు సారు. పెన్నం అడుగంత నలుపు. మీద పడిన ఎండలో నూటికి నాలుగైదు పాళ్ళు కూడా తిరిగి ఇవ్వదు, మిగతాదంతా తనే ఉంచుకుంటుంది. మహిత డ్యూటీకి పోయి వచ్చేలోపు ఒక చుట్టు తిరిగి రెండో చుట్టులో సగానికి వచ్చేది. పొడుగువైపు మనకు ఎదురైనప్పుడు వెలుగు కాస్త పెరిగేది, కొసవైపు ఎదురైనప్పుడు తగ్గేది. పైనున్నదాని వెలుగూ అలాగే పెరిగి తగ్గుతోందని వేరే దేశాలవాళ్ళు పంపిన కొలతలు చూసి సారు మురిసిపోయాడు.

అది గట్టి బండ కాదు. చెయ్యి ఆనిస్తే కంకర కుప్పలోకి దిగినట్టు కొద్దిగా లోపలికి దిగేది. ఎప్పుడో ముక్కలైపోయిన పెద్ద రాయి, తన ముక్కల్ని తనే మళ్ళీ దగ్గరికి చేర్చుకుని అలా ఉంటుందని సారు చెప్పాడు. గట్టిగా కట్టి ఉంచేదేమీ లేదట, ఒకదాన్నొకటి మెల్లగా లాక్కుంటూ ఉండడమేనట. మహిత ఆ మాట విని చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది.

అన్నిటికన్నా పనికొచ్చింది దాని చల్లదనం. సత్తెమ్మ పాలగిన్నె తెచ్చి దాని కింద పెట్టేది. బేగంబీ పిట్టగోడ మీదుగా సగం కోసిన కర్బూజ పళ్ళెం అందించేది. ఎండలు ముదిరాక సందులోని ముసలివాళ్ళు మధ్యాహ్నం చాపలు తెచ్చుకుని ట్యాంకు పక్కనే కునుకు తీసేవాళ్ళు.

ఈలోపే ఒకరోజు మహిత సారును అడిగింది. "దీనికి పేరు ఎప్పుడు పెడ్తరు సార్?"

"ఇప్పుడే పెట్టరమ్మా. కొన్నాళ్ళకు ఇది సూర్యుని ఆవలికి పోతది, మనకు కనపడదు. మళ్ళ ఏడాది దాటినంక ఇటు వస్తది. అప్పుడు లెక్క ప్రకారం ఉండాల్సిన జాగల ఉన్నదా లేదా చూడాలె. గట్ల కొన్ని మాట్లు దొరికితె పర్మనెంటు నంబరు ఇస్తరు. నంబరు వచ్చినంక కనిపెట్టినోళ్ళను అడుగుతరు, ఏం పేరు పెట్టాల్నని."

"దొరకకుంటె?"

"తప్పిపోయినట్టు. చానా రాళ్ళు గట్లనే తప్పిపోతయి. ఎటు పోయినయో ఎవరికీ తెల్వది."

"చిన్నపిల్లల పేరు పెట్టొచ్చునా సార్? పోయినోళ్ళది?"

సారు ఆమె ముఖం చూశాడు. "పెట్టొచ్చమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఆమె బట్టలు తీసేటప్పుడు, ట్యాంకు మూత పెట్టేటప్పుడు రాయిని 'తనూ' అని పిలవడం సారుకు, సత్తెమ్మకు, పిట్టగోడ అవతల బేగంబీకి వినిపించింది. విన్నారు, ఊరుకున్నారు.

ఎండాకాలం మొదట్లో మహితకు ఆడపిల్ల పుట్టింది. సత్తెమ్మ ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్న మాట బయటపెట్టింది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టాలి. పక్కింటివాళ్ళు వచ్చి తీసుకోవాలి. తీసుకుని చాటెడు తౌడు ఇవ్వాలి. అప్పుడు పిల్ల వాళ్ళదవుతుంది. కన్నతల్లి ఒట్టి సాకేది అవుతుంది. పేరు కూడా పెంటమ్మ అనో పెంటయ్య అనో పెట్టాలి. ఈ తల్లి బిడ్డ ఏదని వెతుక్కుంటూ వచ్చే చావు, ఇక్కడ ఈమె బిడ్డ ఎవరూ లేరని తిరిగిపోతుంది. సత్తెమ్మ అన్న అట్లనే బతికాడు. బతికి ఎనభై ఏళ్ళు అందరినీ సతాయించి మరీ పోయాడు.

చిక్కేమిటంటే ఇంద్రేశంలో ఇప్పుడు పెంటకుప్పలు లేవు. సత్తెమ్మ ఆలోచించి చెత్తబండి ఐలన్నను ఆపింది.

"ఐలన్నా, జెర పసిపిల్లను నీ బండిల పెట్టి తీసుకుంట."

"పెట్టు పెద్దమ్మా, గని తడిచెత్త దిక్కా, పొడిచెత్త దిక్కా?" అన్నాడు ఐలన్న. అతనికి పై అధికారులు అలా నేర్పారు మరి.

మహిత గుమ్మంలోంచి ఇదంతా వింది. బాలింత అని చూడకుండా బయటికి వచ్చి బిడ్డను లాక్కుంది.

"నా బిడ్డ చెత్త గాదు అత్తమ్మా. దీన్ని ఎవరికీ అమ్మను, ఎవర్నీ కొననియ్యను. పెంటమ్మ అని ఎవరన్న పిలిస్తె మంచిగుండదు."

ఇరవైయొకటో రోజున పిల్లకు హన్విత అని పేరు పెట్టింది. సత్తెమ్మ రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట కొడుకు పిలవకముందే వచ్చి కూర్చుంది.

ఎండాకాలం పోయేసరికి రాయి పలచబడసాగింది. పైనున్నది సూర్యుడి ఆవలికి జరుగుతోందని సారు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం పూట ట్యాంకు మీద ఉందా లేదా అన్నట్టు ఉండేది. చెయ్యి పెడితే చల్లదనం తగిలేది గాని కంటికి ఆనేది కాదు. ఎంత చిన్న చుక్కనైనా పట్టే మహిత కూడా కళ్ళు చికిలించుకుని వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమెకు గాబరా పుట్టింది. ఒకరోజు అత్త దగ్గరికి వచ్చి తల వంచుకుని అడిగింది.

"అత్తమ్మా, నువ్వు చెప్పిన తౌడు అమ్ముడు ఉన్నది గద. అది రాయికి చెయ్యరాదా?"

సత్తెమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. "బిడ్డకు వద్దంటివి, రాయికి కావాల్నా?"

"బిడ్డకు సూదులున్నయి, డాక్టరున్నడు. దానికెవరున్నరు?"

సందు చివరి ఇంటి యాదన్న ఇంకా బర్రెల్ని సాకుతున్నాడు కాబట్టి తౌడుకు కొదవ లేదు. కుప్ప మీద పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు, అసలది కంకర కుప్పే కదా. బేగంబీ చాట పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చింది. ఆమె ఇదివరకు ఇలాంటివి చూసింది, ఆమె పెద్దమ్మ ఇద్దరు కోమటి పిల్లల్ని అట్లనే కొన్నది. "అమ్ముతున్నవా?" అని అడిగింది. "అమ్ముతున్న," అంది మహిత. మూడుసార్లు అడిగింది, మూడుసార్లు చెప్పించుకుంది. తౌడు మహిత కొంగులో పోసింది. రాయి ట్యాంకు మీది నుంచి కదిలి, పిట్టగోడ దాటి, బేగంబీ మిద్దె మీద బట్టల తీగ పక్కన నిలబడింది.

సత్తెమ్మ ఒక్కతే సంతోషించలేదు. మెట్లు దిగుతూ అంది, "రాయిని దాసిపెట్టినవు పిల్లా, మంచిదే. గని ఇగ నీ పేరు మీద ఆ పసిదొక్కతే ఉన్నది."

మహిత విననట్టు కొంగు దులుపుకుంది.

చలికాలం వచ్చింది. పిల్ల పాకింది, పట్టుకుని నిలబడింది, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంది. బేగంబీ మిద్దె మీద రాయి మళ్ళీ చిక్కబడసాగింది. ఇంకొన్నాళ్ళలో పైనున్నది ఫోటోలకు అందుతుందని సారు చెప్పాడు. మహిత పిల్లను చంకనెత్తుకుని పిట్టగోడ దగ్గర నిలబడి, "గదిగో అక్క, అక్కను సూడు," అని చూపించేది.

పదో నెల నిండబోతుండగా పిల్లకు జ్వరం వచ్చింది.

సంగారెడ్డి ఆసుపత్రిలో చేర్చారు. డాక్టర్లు మంచివాళ్ళే, చేయాల్సిందంతా చేస్తున్నారు. అయినా ఏమవుతుందని అడిగితే, "ఇంకా చెప్పలేం," అన్నారు. పిల్ల కళ్ళు తెరవడం లేదు. తనుశ్రీకి కూడా ఇట్లనే అయింది, ఇదే నెలలో. మల్లేష్ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మహిత లేచి, "నువ్వు దీన్ని ఇడిసి ఎటు పోకు," అని చెప్పి, బయటికి వచ్చి ఇంద్రేశం ఆటో ఎక్కింది.

బేగంబీ మిద్దె మీద ఎండలో మిషన్ కుడుతోంది. మహితను చూసి కాలు ఆపింది.

"చిన్నమ్మా, నా బిడ్డను కొను."

"అయ్యో బేటా, నేనెట్ల కొందు? నీ రాయి నా దగ్గరనే ఉండె. ఒక తల్లి దగ్గర రెండిటిని కొనొద్దంటరు. రెండూ నిలువయంటరు."

"గట్లయితె రాయిని నాకు మళ్ళియ్యి. దాని బదులు దీన్ని తీసుకో."

బేగంబీ తలెత్తి చూసింది. బట్టల తీగ పక్కన రాయి తన గుంటవైపు ఇటు తిప్పుతూ ఉంది.

"గది తనుశ్రీ గద బేటా," అంది.

"నాకెరుకే."

"నీ పేరు మీదికి తెచ్చుకుంటె..."

"నాకెరుకే చిన్నమ్మా. జల్దీ కానియ్యి."

సత్తెమ్మ అప్పటికే మెట్లెక్కి వచ్చింది. పిల్ల పుట్టినప్పటినుంచీ ఈ మాట కోసమే చూసిన మనిషి, ఇప్పుడు కోడలి ముఖం చూడలేక యాదన్న ఇంటికి పోయి చాటెడు తౌడు తెచ్చి బేగంబీ చేతిలో పెట్టింది. పిల్ల లేకుండా అమ్మకం ఎట్లా అని సందేహం వచ్చింది. అప్పుడే బడి నుంచి వచ్చిన సారు ఫోన్ తీసి మల్లేష్‌కు వీడియో కాల్ చేశాడు. మల్లేష్ ఏమీ అర్థంకాక ఫోన్ పిల్ల ముఖం దగ్గర పెట్టాడు. బేగంబీ ఆ చిన్న తెరలో మూసిన కళ్ళను చూసింది.

"అమ్ముతున్నవా?"

"అమ్ముతున్న."

మూడుసార్లు. తౌడు మహిత కొంగులో పడింది. మహిత అదే తౌడును తిరిగి బేగంబీ చాటలో పోసి, "నా రాయిని నేను కొంటున్న," అంది. అది కూడా మూడుసార్లు చెప్పాలని సత్తెమ్మ గుర్తు చేసింది. మూడోసారి మహిత గొంతు సరిగ్గా పలకలేదు గాని, లెక్కలోకి వచ్చింది.

రాయి పిట్టగోడ దాటి వచ్చి ట్యాంకు మీద నిలబడింది. మహిత దాని మీద రెండు చేతులూ ఆనించింది. వేళ్ళు కొంచెం లోపలికి దిగాయి. "తనూ, నువ్వు నా దానివే," అని చెప్పింది. మెట్లు దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయింది.

మర్నాడు పొద్దున, సందులో బస్సులు హారన్ కొట్టే వేళకు, రాయి ట్యాంకు మీది నుంచి లేచింది. సత్తెమ్మ చూసింది, బ్రష్ చేసుకుంటూ సారు చూశాడు. తొందర లేకుండా, తిరుగుతూనే పైకి పోయింది. కాకి అంత అయింది, ఆవగింజంత అయింది, తర్వాత లేదు. కాసేపటికి మల్లేష్ ఫోన్ చేశాడు. పిల్ల కళ్ళు తెరిచిందట, జ్వరం దిగిందట, పాల కోసం ఏడుస్తోందట. సత్తెమ్మ సరే అని, రాయి సంగతి చెప్పి, ఫోన్ పెట్టేసి, ట్యాంకు మూత సర్దింది.

ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు పిల్లను ముందుగా బేగంబీ గడపే ఎక్కించారు. కొన్నవాళ్ళ ఇంట్లోకి పోవడం పద్ధతి. పెంటమ్మ అని పిలవమని సత్తెమ్మ మెల్లగా గుర్తు చేసింది.

"నా బిడ్డకు పేరు నేను పెట్టుకుంట, నీకెందుకు?" అంది బేగంబీ. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది. "హన్వితా."

మహిత ఆమెకేసి చూసి, పిల్ల పాదం సవరించింది.

తర్వాతి అమావాస్య దాటాక సారు సాయంత్రం పూట కిందికి దిగి వచ్చాడు. చేతిలో ల్యాప్‌టాప్ లేదు. వరండాలో నిలబడే చెప్పాడు.

"ఫోటోలు వచ్చినయమ్మా. ఉండాల్సిన జాగల లేదు. దాని చుట్టుపక్కలంత చూసిన. వేరే దేశాలోళ్ళు కూడ చూసిన్రు. దొరకలే."

"ఇగ దొరకదా సార్?"

"తప్పిపోయినట్టే రాసిన్రు."

"పేరు?"

సారు తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మహితకు అది కనిపించకుండా మెట్లవైపు తిరిగాడు.

మహిత పిల్లను సత్తెమ్మకు ఇచ్చి మిద్దె ఎక్కింది. ట్యాంకు మీద ఏమీ లేదు. రాయి నిలబడిన చోట గాలిలో చెయ్యి పెట్టి చూసింది. ఇంకా కొంచెం చల్లగా ఉన్నట్టు అనిపించింది, లేదేమో. అప్పుడు ఆమె ట్యాంకు గోడకు ఆనుకుని కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. తనుశ్రీ పోయిన నాడు రాని ఏడుపు అది. ముందు సన్నగా వచ్చింది, తర్వాత ఆమె ఆపాలనుకున్నా ఆగలేదు. కింద సందులో పోయేవాళ్ళు తలెత్తి చూశారు. సత్తెమ్మ పిల్లతో సహా మెట్ల మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళ తర్వాత కోడలు ఏడుస్తుంటే ఆమెకు భయం వేయలేదు, గుండె మీది బరువు దిగినట్టయింది.

బేగంబీ చప్పుడు విని పిట్టగోడ దాటి వచ్చింది. సత్తెమ్మ చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. పిల్ల ఆకలితో పాల కోసం నోటితో వెతుక్కుంటోంది. బేగంబీ మహిత పక్కన కూలబడి, దానికి తన వేలు అందించి ఊరుకోబెట్టింది.

"ఏడువు బేటా," అంది. "బిడ్డ పోయినదానివి, మంచిగ ఏడువు. తొందరేం లేదు. ఏడ్సుడు అయినంక, నా బిడ్డకు జెర పాలియ్యి."